ఐదు చోట్ల తెచ్చిన కార్డులు ఒక్కటి చేస్తే చదువు గాడిన పడుతుందా?

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ డిగ్రీ అయిపోయి హనుమకొండలో రూమ్ తీసుకొని గ్రూప్-2కు చదువుతున్నది. ఫోన్ల ఆంకీ అని ఒక యాప్ ఉన్నది, ముందు ప్రశ్న, వెనుక జవాబు. తను రాసుకున్నవి, దోస్తులు ఇచ్చినవి, టెలిగ్రామ్‌ల దొరికినవి అన్నీ కలిపి ఐదు డెక్‌లు (కార్డుల కట్టలు), 8,600 కార్డులట. రోజుకు మూడు గంటలు అవే తిప్పుతది, ఇంకా మిగిలినయని ఏడుస్తది. ఇప్పుడు అన్నింటినీ ఒక్కటి చేస్తానని కూర్చున్నది. పోయిన వారం కోపమొచ్చి ఫోన్లకెల్లి యాప్ తీసేసిన. కలపాల్నా, విడిగా ఉంచాల్నా? లేకపోతే ఇవన్నీ మాన్పించి హైదరాబాద్ కోచింగ్‌కు పంపాల్నా?

జవాబు: నోటిఫికేషన్ మాట వినబడినప్పుడల్లా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. బిడ్డ ఏడాది ఫోన్‌లోనే కరిగిపోతుందేమోనన్నది మీ భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ యాప్ తీసేయడం మాత్రం తప్పే. ఆమె రాసుకున్న నోట్‌బుక్కులైతే పొయ్యిలో పెట్టేవారా? ఏ కార్డు ఎన్నిసార్లు మర్చిపోయింది, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్న లెక్కంతా అందులోనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కాపీ దాచే ఆంకీవెబ్ ఖాతాతో సింక్ చేసి ఉంటే పోయిందేమీ లేదు. యాప్ మళ్లీ వేసి, అదే ఖాతాతో లోపలికి వెళ్లి సింక్ నొక్కాలి. అప్‌లోడా, డౌన్‌లోడా అని అడిగితే డౌన్‌లోడ్ అనాలి. అప్‌లోడ్ నొక్కితే ఖాళీ యాప్ వెళ్లి పాతదాని మీద కూర్చుంటుంది.

ఇక ఆ మూడు గంటలు. మీ అమ్మాయికి చదువు రాక ఏడవడం లేదు, అది లెక్క తెచ్చిన ఏడుపు. ఆంకీలో ప్రతి డెక్‌కూ రోజుకు 20 కొత్త కార్డులు, 200 రివిజన్లు అనేది ముందే పెట్టి ఉండే పరిమితి. ఐదు డెక్‌లు విడివిడిగా ఉంటే కొత్తవే 100 అవుతాయి. కొద్ది వారాల్లో రివిజన్లు వెయ్యికి చేరతాయి. కార్డుకు పది సెకన్లు వేసుకోండి, దాదాపు మూడు గంటలు. ఎంత తెలివైన పిల్ల అయినా ఇక్కడ అలసిపోతుంది. కాబట్టి కలపాలన్న ఆమె ఆలోచన సరైనదే. సరైన వరుసలో చేస్తే ఒకటి రెండు రోజుల పని.

ఇది కంప్యూటర్‌లో చేయాలి, ఫోన్‌లో వద్దు. ముందు రెండింటినీ సింక్ చేయాలి. తర్వాత ఎక్స్‌పోర్ట్‌లో మొత్తం కలెక్షన్‌ను మీడియాతో సహా కోల్‌పికేజీ (.colpkg) ఫైల్‌గా దాచుకోవాలి. ఇదే రకం ఫైల్ దోస్తులెవరైనా పంపితే తెరవకూడదు. అది ఉన్నవాటితో కలవదు, ఉన్నదంతా తీసేసి తాను కూర్చుంటుంది. కలపడానికి కావాల్సింది ఏపికేజీ (.apkg) ఫైల్. దాన్ని దిగుమతి చేసేటప్పుడు ‘లెర్నింగ్ ప్రోగ్రెస్’ టిక్ తీసేయాలి, లేకపోతే దోస్తు చదివిన లెక్క మీ అమ్మాయి తలకు చుట్టుకుంటుంది. ‘అప్‌డేట్ నోట్స్’ దగ్గర ‘నెవర్’ పెట్టాలి. ఇద్దరూ ఒకే మూల డెక్ వాడుతుంటే, ఈమె సరిదిద్దుకున్న జవాబు మీద దోస్తు తర్వాత మార్చిన జవాబు పడకుండా అది ఆపుతుంది.

కలపకముందే ఒక్కో డెక్‌కు ఎక్కడి నుంచి వచ్చిందో ట్యాగ్ వేయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. కలిపాక తప్పుడు జవాబు బయటపడితే, దాని తోటివన్నీ ఎక్కడున్నాయో వెతకడానికి ఇక దారి ఉండదు. ఆ తర్వాత ‘గ్రూప్2’ అని పెద్ద డెక్ ఒకటి, దాని కింద చరిత్ర, పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమం అని ఉపడెక్‌లు పెట్టి, ఆంకీలోనే ఉండే ‘బ్రౌజ్’ కిటికీలో కార్డులను ఎంచుకొని ‘చేంజ్ డెక్’తో అందులోకి పంపాలి. కార్డు డెక్ మారినా దాని రివిజన్ తేదీ మారదు. పాత డెక్ ఖాళీ అయ్యిందని చూసుకున్నాకే తీసేయాలి, లోపల కార్డులుంటే అవీ పోతాయి. ఇకపై రోజూ పెద్ద డెక్ పేరు మీదే నొక్కి చదవాలి, అప్పుడే మొత్తానికి కలిపి 20 కొత్తవే వస్తాయి. ‘న్యూ కార్డ్ గ్యాదర్ ఆర్డర్’ను ‘ర్యాండమ్ నోట్స్’కు మార్చాలి. లేకపోతే వరుసలో మొదటున్న సబ్జెక్టు అయిపోయేదాకా రెండోది మొహం చూపించదు.

నోట్ టైప్‌లు, అంటే కార్డులో ఏ గడులుండాలో చెప్పే నమూనాలు, మార్చాల్సి వస్తే ఏ గడి ఎందులోకి వెళ్తుందో చూసుకోవాలి, జత కుదర్చని గడిలోని రాత పోతుంది. ఆ మార్పు తర్వాత సింక్ మళ్లీ దిక్కు అడుగుతుంది: కంప్యూటర్‌లో అప్‌లోడ్, ఫోన్‌లో డౌన్‌లోడ్.

తెలుగు మీడియం వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కోచింగ్ మెటీరియల్ చాలావరకు అను అనే పాత ఫాంట్లలో టైప్ చేసిందే. అది నేరుగా తెచ్చి పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. ముందు యూనికోడ్‌కు (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనబడే పద్ధతికి) మార్చి, వత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఓ యాభై వరుసలు చదివి చూడాలి. ఎక్సెల్ నుంచి తెస్తే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గానే భద్రపరచాలి.

‘ఫైండ్ డూప్లికేట్స్’ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నవాటినే పడుతుంది. ఒకరు హనుమకొండ అనీ ఇంకొకరు హన్మకొండ అనీ రాస్తే దానికి అవి రెండు వేరు ప్రశ్నలు. ‘మకొండ’ అని వెతికితే రెండూ దొరుకుతాయి. జంట దొరికినప్పుడు ఇంటర్వెల్ (మళ్లీ చూపించేదాకా ఉండే వ్యవధి) ఎక్కువున్న కార్డును ఉంచి, మంచి వాక్యాన్ని దానిలోకి తెచ్చి, రెండోది తీసేయాలి.

ఇప్పుడు నా అసలు అనుమానం చెప్తాను. ఇతరులు చేసిన వేల కార్డులు, పీడీఎఫ్ ఇస్తే ఏఐ నిమిషాల్లో తయారుచేసే కార్డులు ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. వాటిని కలపగానే పోట్లాట మొదలవుతుంది. ‘తెలంగాణలో జిల్లాలెన్ని?’ అంటే ఒక డెక్ 31 అంటుంది, ఇంకొకటి 33 అంటుంది. 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చాక 33. ఒకటి వరంగల్ అర్బన్ అంటుంది. 2021 ఆగస్టులో అది హనుమకొండ జిల్లా అయింది, అప్పటిదాకా ఉన్న వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ఏది తప్పో చెప్పడం యాప్ వల్ల కాదు. రెంటినీ బట్టీ పట్టిన పిల్ల పరీక్ష హాల్లో తడబడుతుంది. మారే విషయమున్న ప్రతి కార్డులోనూ ప్రశ్నలోనే ‘ఎప్పటికి’ అన్నది రాయాలి.

ఉద్యమ చరిత్రకు కార్డులు ఇంకా ప్రమాదం. ‘610 జీవో ఏ సంవత్సరం? 1985’ అన్న కార్డు వెయ్యిసార్లు తిప్పినా, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చిన 1973 ఆరు సూత్రాల పథకం అమలులో జరిగిన ఉల్లంఘనలు సరిదిద్దడానికే ఆ జీవో వచ్చిందన్న సంగతి తలకెక్కదు. ముల్కీల (స్థానికుల) ఉద్యోగాల కోసం 1952లో వరంగల్‌లో రాజుకున్న ముల్కీ ఉద్యమం నుంచి పుస్తకంలో వరుసగా చదివి, ఆ గొలుసు అర్థమయ్యాక తనే రాసుకున్న కార్డు వేరు, ఎవరో పారేసిన కార్డు వేరు.

అందుకే కలిపాక కోత పెట్టాలి. రోజుకు 20 చొప్పున 8,600 కార్డులు మొదటిసారి చూడటానికే 430 రోజులు పడుతుంది. సొంతంగా రాసినవన్నీ ఉంచి, తెచ్చినవాటిని సస్పెండ్ చేసి (తీసేయకుండా, చూపించకుండా ఆపి), ఏ అధ్యాయం చదివితే ఆ అధ్యాయానివే విడిపించుకుంటే చాలు.

హైదరాబాద్ కోచింగ్‌తో పోల్చమన్నారు. కోచింగ్ టైమ్‌టేబుల్, వారం వారం పరీక్ష ఇస్తుంది. కార్డులు చదివింది మర్చిపోకుండా ఆపుతాయి. దేనికదే, ఒకటి మాన్పించి ఒకటి పెట్టేవి కావు. టెస్ట్ సిరీస్ ఒకటి హనుమకొండలోనే కట్టుకుంటే సరిపోతుంది. తనంతట తాను సెట్లు పోగేసి, వాటిలో తేడా గమనించి, సరిచేయాలనుకున్న అమ్మాయి చదువు మీద శ్రద్ధ లేనిది కాదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. పక్కింటి వాళ్లు అడిగే ‘ఇంకా ఎన్నాళ్లు?’ అన్న ప్రశ్నను మీరు మోసుకొచ్చి ఆమె ముందు పెట్టకండి.

ఈ ఆదివారం ఫోన్ ఆమె చేతికిచ్చి, యాప్ మళ్లీ ఆమెనే వేసుకోనివ్వండి. వారం రోజుల రివిజన్లు పేరుకొని పెద్ద అంకె కనబడుతుంది, అది చూసి మళ్లీ కోప్పడకండి. ఆ వారమంతా కొత్త కార్డుల పరిమితి సున్నాకు పెట్టుకొని, రోజుకు రెండు వందల చొప్పున పాతవి తీర్చుకోమనండి.