మనం కొనని ఇన్సూరెన్స్‌కి మన జేబులోంచి డబ్బు

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి. బాబుని డేకేర్‌లో వెయ్యాలా వద్దా, మీ అమ్మానాన్నల విజిటర్ వీసా, షార్లెట్‌లో మీ ఆవిడకు మాట్లాడే మనిషి లేక బెంగ పెట్టుకోవడం, చివర్లో రెండంటే రెండు లైన్లలో ఇంటి లోను వాళ్ళు ఇన్సూరెన్స్ పేరుతో నెలకు 390 డాలర్లు ఎక్కువ లాగుతున్నారన్న మాట. నువ్వు చివర రాసినదాన్నే నేను ముందు పట్టుకుంటున్నాను. మిగతా మూడూ నెల ఆగి మాట్లాడుకోవచ్చు. ఇది మాత్రం ఆగినకొద్దీ ముదురుతుంది. ఆగస్టు నుంచి అన్నావు, నాలుగు నెలలు. 1,560 డాలర్లు పోయాయి. ఎప్పుడైనా కూర్చుని కూడావా?

"ఏదో రూల్ అయ్యుంటుంది అక్కా, ఫోన్ చేశాను, చూస్తామన్నారు" అని రాశావు. 2017లో నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. అందుకే నా కథంతా చెబుతున్నాను, విసుక్కోకుండా చదువు.

మేము డాలస్ వచ్చింది 2006లో. తొమ్మిదేళ్ళు అపార్ట్‌మెంట్లలో ఉండి, పైసా పైసా కూడబెట్టి, 2015 జూన్‌లో డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. 20 శాతం చేతి డబ్బు, 2,80,000 డాలర్ల లోను, నెలకు 1,337 వాయిదా. 20 శాతం కట్టాం కాబట్టి ఎస్క్రో అక్కర్లేదన్నాం. అంటే ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్ లోను వాళ్ళ చేత కట్టించకుండా మేమే కట్టుకుంటామని. తెనాలిలో మా నాన్న ఎల్‌ఐసీ ప్రీమియం గడువుకి వారం ముందే కట్టి, రసీదు ట్రంకు పెట్టెలో దాచేవారు. ఆయన కూతురిని, నాకు ఒకరి అజమాయిషీ ఎందుకు అనుకున్నాను.

డాలస్‌లో ఏటా వడగళ్ళు పడతాయి, ఇళ్ళ కప్పులు దెబ్బతింటాయి, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతూ ఉంటుంది. 2016లో మాకు 2,290 డాలర్లు వచ్చింది. నాలుగు చోట్ల అడిగి, 1,980కి ఇచ్చే వేరే కంపెనీకి మారాను. 310 డాలర్లు మిగిలాయని ఆ రోజు ఎంత సంబరపడ్డానో. కొత్త ఏజెంటు "మీ లోను ఎవరి దగ్గర?" అని అడిగాడు. ఇంటి కాగితాల మీద ఉన్న బ్యాంకు పేరే చెప్పాను.

అక్కడే దెబ్బ తిన్నాను. అప్పటికి ఏడు నెలల క్రితమే మా లోను వేరే సంస్థ చేతికి వెళ్ళిపోయింది. మనవైపు ఏ బ్యాంకులో అప్పు తీసుకుంటే తీరేదాకా ఆ బ్యాంకుకే వెళ్తాం. ఇక్కడ లోను చేతులు మారుతుంది. అప్పిచ్చినవాళ్ళు ఒకరు, వాయిదాలు వసూలు చేసే సర్వీసర్ ఇంకొకరు. నేను వాయిదా కొత్తవాళ్ళకే కడుతున్నాను, ఆ సంగతి తెలుసు. కానీ ఇన్సూరెన్స్ కాగితం మీద మార్ట్‌గేజీ, అంటే అప్పిచ్చినవాళ్ళు, అని ఒక గడి ఉంటుంది, అందులో ఉన్న పేరు వాళ్ళకే పాలసీ సమాచారం వెళ్తుంది అన్నది తట్టలేదు. నా కొత్త పాలసీ పాత బ్యాంకుకి, పాత లోను నంబరుతో వెళ్ళింది. కొత్త సర్వీసర్ పుస్తకాల్లో మాత్రం 2016 సెప్టెంబర్ 10 నుంచి మా ఇంటికి ఇన్సూరెన్సే లేదు.

వాళ్ళు ఉత్తరం రాయలేదని అనను. అక్టోబర్‌లో ఒకటి వచ్చింది. లోను ఉన్నవాళ్ళ ఇంటికి రీఫైనాన్స్ చేసుకోండంటూ రోజూ వచ్చే కాగితాలు నీకూ తెలుసు, అన్నిటి మీదా లోను కంపెనీ పేరే ఉంటుంది. దాన్నీ వాటితో కలిపి పారేశాను. రెండోది వచ్చేసరికి మా అక్క కూతురి పెళ్ళికి ఇండియాలో ఉన్నాం. తిరిగొచ్చేసరికి జనవరి స్టేట్‌మెంట్‌లో 1,337 బదులు 1,767 ఉంది. ఆటో పే పెట్టేశాం కదా, కింద అంకె చూడలేదు. మీ వయసువాళ్ళు యాప్‌లో పచ్చ టిక్కు కనబడితే పని అయిపోయిందనుకుంటారు. ఆ రోజు నేనూ అంతే.

అది ఫోర్స్‌ప్లేస్డ్ ఇన్సూరెన్స్. నీ ఇంటికి ఇన్సూరెన్స్ లేదని సర్వీసర్ అనుకుంటే, తనే ఒకటి కొని ఖర్చు నీ మీద వేస్తాడు. నాకు వేసింది ఏడాదికి 5,160 డాలర్లు, నెలకు 430. నేను 1,980కి కొన్నదానికంటే రెండున్నర రెట్లు. పోనీ అంత డబ్బుకీ ఏమైనా వస్తుందా అంటే, అది ఇంటి గోడలూ కప్పూ వరకే, అప్పిచ్చినవాడి డబ్బు మునగకుండా. లోపల మన మంచాలూ బీరువాలూ కాలిపోతే పైసా రాదు. ఇంటికొచ్చినవాళ్ళు మెట్ల మీద జారిపడి దావా వేస్తే దానికీ రాదు. 430 డాలర్లంటే అప్పటి లెక్కలో సుమారు 29 వేల రూపాయలు. తెనాలిలో మా అత్తగారి మందులు, పనిమనిషి జీతం, ఇంటి ఖర్చు అన్నీ పోను ఇంకా మిగిలే డబ్బు. ఆ అంకె తలచుకుంటే రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

ఆటో పే 1,337 మాత్రమే పంపింది. అడిగినదానికంటే తక్కువ కాబట్టి దాన్ని వాయిదాగా జమ కట్టకుండా పక్కన సస్పెన్స్ ఖాతాలో పెట్టారు. అలా నెలనెలా డబ్బు పంపుతూనే మేము బాకీదారులమయ్యాం. 67 డాలర్ల లేట్ ఫీ. ఫిబ్రవరిలో మరో 67. మావారు కారు లోనుకి వెళ్తే వడ్డీ ఎక్కువ చెప్పారు. చూస్తే క్రెడిట్ స్కోర్ దాదాపు 80 పాయింట్లు పడిపోయింది. అప్పుడు గాని నేను స్టేట్‌మెంట్ సరిగ్గా చదవలేదు.

ఇక ఫోన్లు. తొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటినుంచి కథ. పాలసీ ఫ్యాక్స్ చెయ్యమన్నారు, చేశాను. పది రోజులన్నారు, ఆగాను. మళ్ళీ చేస్తే ఫ్యాక్సే అందలేదన్నారు. ఒకరు అందిందిగానీ మా పేరు లేదన్నారు. ఆ ఒక్క మనిషే నిజం చెప్పింది, కానీ కోపంలో ఆ మాట నా చెవికెక్కలేదు. నా దగ్గర పేర్లు లేవు, తేదీలు లేవు, ఎవరేమన్నారో రాసుకున్న కాగితం లేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు మార్చిలో చేశాను. నా డబ్బు నాకు తిరిగిచ్చేదాకా వాయిదా కట్టను అని ఆటో పే ఆపేశాను. మావారు వద్దన్నారు, వినలేదు. తమ్ముడూ, నీకు ఎంత కోపమొచ్చినా ఈ పని మాత్రం చెయ్యకు. వాయిదా ఆగితే గొడవ ఇన్సూరెన్స్ మీద ఉండదు, నీ ఇంటి మీదకు వస్తుంది. నా మాటైతే, వీలున్నంతవరకు అడిగిన పూర్తి మొత్తం కట్టు, అభ్యంతరం ఉండి కడుతున్నానని కాగితం మీద రాయి. తిరిగి రాబట్టుకోవడం తేలిక, పడిపోయిన స్కోర్ లేపడం కష్టం.

మా ఆఫీసులో ఒకావిడ చెబితే, కేంద్ర ప్రభుత్వ హౌసింగ్ శాఖ, హడ్ అంటారు, దాని గుర్తింపు ఉన్న కౌన్సిలర్ దగ్గరకు వెళ్ళాను. ఇలాంటి సలహా చాలాచోట్ల ఉచితం. పెద్దావిడ. నా కథంతా విని ఒకటే అడిగింది: "ఏ చిరునామాకి రాశావు?" రాయలేదు, ఫోన్ చేశానన్నాను. స్టేట్‌మెంట్ తిప్పి, వెనకవైపు సన్న అక్షరాల్లో ఉన్న ఒక చిరునామా మీద వేలు పెట్టింది. తప్పుల గురించి, సమాచారం గురించి రాయడానికి వాళ్ళు పెట్టిన చిరునామా అది. వాయిదా చెక్కులు వెళ్ళే చిరునామా వేరు. అక్కడికి రాస్తేనే చట్టం లెక్కపెట్టడం మొదలుపెడుతుందట. నెలన్నరపాటు నేను ఫోన్లో అరిచిన అరుపులు ఏ లెక్కలోకీ రాలేదు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. ఒక్క పేజీ. పైన నోటీస్ ఆఫ్ ఎర్రర్ అని. మా పేర్లు, లోను నంబరు, ఇంటి చిరునామా. ఫలానా తేదీ నుంచి మాకు పాలసీ ఉంది, అయినా మీరు ఇన్సూరెన్స్ వేశారు, అది తప్పు. రద్దు చెయ్యండి, ప్రీమియం వెనక్కివ్వండి, దానివల్ల పడిన లేట్ ఫీ తీసెయ్యండి, క్రెడిట్ సంస్థలకు పంపినది సరిచెయ్యండి. కోపం మాట ఒక్కటి లేదు. అంతకుముందే ఏజెంటుకి ఫోన్ చేసి మార్ట్‌గేజీ పేరు, లోను నంబరు మార్పించాను. పాలసీ వివరాలుండే ఆ కొత్త డిక్లరేషన్ పేజీ, ప్రీమియం కట్టిన రుజువు జతచేశాను. వాయిదా చెక్కుతో కలపకుండా విడిగా, సర్టిఫైడ్ మెయిల్‌లో, సంతకం తిరిగొచ్చే రసీదుతో పంపాను. ఆ రసీదు ఆకుపచ్చ కార్డు. ఇమిగ్రేషన్ గ్రీన్ కార్డు కోసం చూసినట్టే దాని కోసం రోజూ డబ్బా దగ్గర నిలబడ్డాను. ఆగిన మార్చి వాయిదా కూడా ఆ నెలాఖరులోపే కట్టేశాను.

ఉత్తరం అందిందని వారంలో జవాబొచ్చింది. ఏప్రిల్ చివర్లో రెండోది: ఇన్సూరెన్స్ రద్దు, జనవరి, ఫిబ్రవరి లేట్ ఫీలు రద్దు, స్కోర్ సరిచేస్తాం. మార్చి లేట్ ఫీ మాత్రం ఉంచారు, అది నేను తెచ్చిపెట్టుకున్నదే. ఇంకో 85 డాలర్లు కూడా ఉంచారు. ఎందుకా అని చూస్తే, పాత పాలసీ సెప్టెంబర్ 10న ఆగింది, కొత్తది 16న మొదలైంది. ఆ ఆరు రోజులు మా ఇంటికి నిజంగానే ఇన్సూరెన్స్ లేదు. ఏజెంటు 16 అంటే సరేనన్నాను, పాత కాగితం తీసి తేదీ చూడలేదు. అది న్యాయమైన ఖర్చే, కట్టాను. కట్టిన రోజు కంటే, ఆ ఆరు రోజుల్లో ఇంటికి నిప్పంటుకుని ఉంటే అన్న ఆలోచన వచ్చిన రోజు ఎక్కువ భయపడ్డాను.

రూల్స్ సంగతి క్లుప్తంగా. ఇదంతా ఇంటి లోన్లకు సంబంధించిన రెస్పా అనే కేంద్ర చట్టం కింద, 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధనలు. చార్జీ వెయ్యడానికి కనీసం 45 రోజుల ముందు మొదటి నోటీసు, తర్వాత రెండోది ఇవ్వాలి. నీకు పాలసీ ఉందని రుజువు అందిన 15 రోజుల్లో తమది రద్దు చేసి, రెండూ కలిసి నడిచిన రోజుల ప్రీమియం వెనక్కివ్వాలి. తప్పు చూపిస్తూ నువ్వు రాస్తే 5 పనిదినాల్లో అందిందని చెప్పాలి, సాధారణంగా 30 పనిదినాల్లో తేల్చాలి. ఆ వాయిదాల గురించి 60 రోజులపాటు క్రెడిట్ సంస్థలకు చెడుగా చెప్పకూడదు. మిగతాదంతా సీఎఫ్‌పీబీ, అంటే అప్పుల విషయంలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ, సైట్‌లో తేలిక ఇంగ్లీషులో ఉంది, చదువుకో. సర్వీసర్ కదలకపోతే ఫిర్యాదు పెట్టేదీ అక్కడే.

నీ సంగతికొస్తే, నీకు ఎస్క్రో ఉందన్నావు. అయితే నా కంటే నీ పక్షమే బలంగా ఉండొచ్చు. నెలనెలా నీ దగ్గర ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుంటూ వాళ్ళే ప్రీమియం కట్టకపోయి ఉంటే, తప్పు వాళ్ళది. ఎస్క్రోలో డబ్బు తక్కువైనా సరే, ముందు తాము వేసి నీ పాలసీని నిలబెట్టాలి గాని, దాన్ని పోనిచ్చి ఖరీదైనది తగిలించకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీయే వేరే కారణంతో రద్దు చేసి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. కాబట్టి ముందు నీ ఇన్సూరెన్స్ కంపెనీని అడుగు: పాలసీ నడుస్తోందా, ఎప్పటిదాకా డబ్బు అందింది, మార్ట్‌గేజీ గడిలో ఎవరి పేరుంది.

ఇంకోటి, నీది టౌన్‌హౌస్. బయటి గోడలు, కప్పు కొన్నిచోట్ల హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, వాళ్ళు అందరికీ కలిపి తీసుకునే మాస్టర్ పాలసీలో ఉంటాయి, కొన్నిచోట్ల అన్నీ నీవే. మాస్టర్ పాలసీ కాగితం సర్వీసర్‌కి చేరకపోయినా ఈ తంటా రావచ్చు. హెచ్‌ఓఏ ఆఫీసుకి ఒక ఈమెయిల్ కొట్టు.

ఆ 390 పీఎంఐ, అంటే మనం అప్పు తీర్చకపోతే అప్పిచ్చినవాడికి రక్షణగా ఉండే ఇన్సూరెన్స్, కాదని కూడా చూసుకో. చాలామంది కొత్తవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. 20 శాతం కంటే తక్కువ డబ్బు పెట్టి కొంటే మామూలు లోను మీద పీఎంఐ పడుతుంది, దాని మీద ఇలా పోట్లాడలేం. ఇంటి కొన్నప్పటి విలువలో బాకీ 80 శాతానికి దిగాక తీసెయ్యమని రాతపూర్వకంగా అడగొచ్చు, వాయిదాలు సరిగ్గా కడుతుంటే 78 దగ్గర వాళ్ళే తియ్యాలి. ఎఫ్‌హెచ్‌ఏ, అంటే ప్రభుత్వ పూచీ ఉన్న లోనుకి పద్ధతి వేరు.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక వారం ఉత్తరాలన్నీ బల్ల మీద పోస్తాను. లోను కంపెనీ పేరున్న ప్రతి కవరూ చించుతాను, చెత్తబుట్టలో వేసేదైనా సరే. ఫోన్ చేస్తే తేదీ, మనిషి పేరు, అన్న మాట ఒక నోటుపుస్తకంలో రాస్తాను. ఆరు నెలల వాయిదా డబ్బు వేరే ఖాతాలో కదలకుండా ఉంటుంది. మా అబ్బాయి నవ్వుతాడు, నవ్వనీ. మా లోను ఆ తర్వాత రెండుసార్లు చేతులు మారింది, రెండుసార్లూ అదే వారంలో ఏజెంటుకి నేనే ఫోన్ చేసి పేరు మార్పించాను. 2017 తర్వాత ఒక్క డాలరు అనవసరంగా పోలేదు.

ఈ రాత్రి స్టేట్‌మెంట్ వెనకవైపు ఫొటో తీసి పంపు. లోను నంబరు మాత్రం చేత్తో మూసిపెట్టు. ఆ చిరునామా ఎక్కడుందో నేను గుర్తుపెట్టి చూపిస్తాను, ఉత్తరం నువ్వు రాస్తే పంపేముందు ఒకసారి చదువుతాను. మీ ఆవిడకు నా నంబరు ఇవ్వు. ఆదివారం కవర్లు చించేటప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటాను, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

మీ అక్క