కలిసి చదవడం మంచిదే, ముందు ‘ఉత్త నర్సింగ్’ అనడం మానండి

ప్రశ్న: మా అమ్మాయి నీట్ రెండుసార్లు రాసినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. బీఎస్సీ నర్సింగ్, ఫార్మ్-డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) మధ్య ఊగిసలాడుతున్నాం. విజయవాడ దగ్గర ఒక కాలేజీవాళ్లు మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులకు కలిపి శిక్షణ ఇస్తామంటున్నారు. ఫీజు మాత్రం ఎక్కువ. ఉత్త నర్సింగ్ అంటే నలుగురిలో ఎలా ఉంటుందో అని ఒక బాధ, డాక్టర్ కోర్సు పిల్లల పక్కన మా అమ్మాయి చిన్నబోతుందేమో అని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అడిగింది కోర్సుల గురించే గానీ, మీ మనసింకా రాని ఎంబీబీఎస్ సీటు దగ్గరే ఉంది. నీట్ ఫలితాలొచ్చాక ఏటా ఇలాంటి ఉత్తరాలే వస్తాయి, కాలేజీ పేరొక్కటే మారుతుంది. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. మీ అమ్మాయి ముందున్న రెండూ పనికొచ్చే చదువులే.

కలిపి శిక్షణ అనేది కొత్త సంగతేమీ కాదు. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ యూనివర్సిటీ 1996లోనే ఒక వార్డును వేర్వేరు వైద్య కోర్సుల విద్యార్థులకు కలిపి అప్పగించింది. టీచర్ల కనుసన్నల్లో రోగులను వాళ్లే చూసుకోవాలి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి చదువును గట్టిగా సమర్థించింది.

దీనివల్ల ఏం ఒరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నాడనుకోండి, షుగర్ కూడా ఉంది. పొద్దున ఇడ్లీ సగం తిని వదిలేశాడని నర్సుకు తెలుసు, ఇన్సులిన్ ఎప్పటిలాగే ఇస్తే షుగర్ పడిపోవచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న మోకాళ్ల నొప్పుల బిళ్లా, ఇక్కడ రాసిన బిళ్లా పేర్లు వేరైనా రెండూ పారాసెటమాలే అని ఫార్మసిస్టు కనిపెడతాడు. లేపి నిలబెడితే కళ్లు తిరుగుతున్నాయని ఫిజియో చూస్తాడు. ఈ మూడు ముక్కలూ ఒకచోట చేరకపోతే డాక్టరు ఎంత గొప్పవాడైనా కేస్ షీట్‌లో ఉన్నదే చూస్తాడు. ఆ మూడూ చేర్చడం చదువుకునేటప్పుడే అలవాటు కావాలి.

ఇక కాలేజీ బ్రోచర్ సంగతి. నాకు అనుమానాలున్నాయి, దాచను. నియమాలు పెట్టేది ఎంబీబీఎస్‌కు ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్), నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మ్-డీకి ఫార్మసీ కౌన్సిల్. ఎవరి సిలబస్ వాళ్లది. మన దగ్గర ఎంబీబీఎస్, నర్సింగ్ పరీక్షలు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. ఫార్మసీ కాలేజీలు మామూలుగా జేఎన్‌టీయూ, నాగార్జున వంటి యూనివర్సిటీల కింద ఉంటాయి. సొంతంగా పరీక్షలు పెట్టుకునే డీమ్డ్ యూనివర్సిటీల సంగతి వేరు. ఒకరికి ఇంటర్నల్స్ ఉన్నప్పుడు ఇంకొకరికి సెలవులు. ఇన్ని టైమ్ టేబుళ్లు కలపలేక చాలాచోట్ల ఈ శిక్షణ ఒక్క పూట వర్క్‌షాప్‌కు, ఒక గ్రూప్ ఫొటోకు కుదించుకుపోతుంది. ఫస్టియర్‌లో అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి అనాటమీ చెప్పి, అదే కలిపి శిక్షణ అనేవాళ్లూ ఉన్నారు. పెళ్లిలో ఒకే పంక్తిలో భోంచేసినంత మాత్రాన చుట్టాలైపోతామా?

నిజంగా కలిపి కూర్చోబెట్టినా ఇంకో చిక్కుంది. ఎంబీబీఎస్ కుర్రాడు మాట్లాడుతుంటాడు, నర్సింగ్ అమ్మాయి నోట్స్ రాస్తుంటుంది. గట్టి టీచర్ లేకపోతే ఆ క్లాసు హెచ్చుతగ్గులనే నేర్పుతుంది. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ సిలబస్ డాక్టరును బృందానికి నాయకుడిగానే కాదు, సభ్యుడిగా కూడా ఉండమంటోంది. అది కాగితం దాటి రావాలి.

మీ అమ్మాయి చిన్నబోతుందేమో అన్నారు. ఆమెను చిన్నబుచ్చుతున్నది ఆ పిల్లలు కాదండీ, మీరు. ఇంట్లో తండ్రే ‘ఉత్త నర్సింగ్’ అంటుంటే, రేపు వార్డులో “సార్, ఈయన పొద్దున సరిగా తినలేదు” అని ఆమెకు నోరెలా వస్తుంది? ఆపరేషన్ థియేటర్ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు చూడండి. పరికరాలు, దూది గుడ్డల లెక్క సరిపోయిందని చివర్లో నోరు తెరిచి చెప్పాల్సింది నర్సే. లెక్క తప్పితే సర్జన్ అయినా ఆగాలి. నలుగురిలో ఏం చెప్పాలంటారా? కోర్సు పేరు చెప్పండి, చాలు.

పోలిక విషయానికొస్తే, నర్సింగ్ నాలుగేళ్లు. ఉద్యోగాలు ఊరూరా ఉన్నాయి, భాషా పరీక్షలు పాసైతే విదేశాలకూ దారి ఉంది. షిఫ్టులు, నైట్ డ్యూటీలు తప్పవు. ఫార్మ్-డీ ఆరేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మన దేశంలో 2008లో మొదలైంది. చదువు బరువైనదే గానీ, వార్డులో క్లినికల్ ఫార్మసిస్టును నిలబెట్టి జీతమిచ్చే ఆస్పత్రులు మన వైపు ఇంకా తక్కువే. పేరుకు ముందు ‘డాక్టర్’ వస్తుందన్న ఆశతో మాత్రం అందులో చేర్చకండి. అమ్మాయికి మనుషులతో మెలగడం ఇష్టమైతే నర్సింగ్, మందుల కెమిస్ట్రీ అంటే నిజంగా ఇష్టమైతే, ఇంట్లో ఆరేళ్లు ఓపిక పట్టగలిగితే ఫార్మ్-డీ.

కలిపి శిక్షణ పేరుతో ఎక్కువ ఫీజు మాత్రం ఊరికే కట్టొద్దు. ఆ కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, అందులో రోగులున్నారా, ఈ శిక్షణ ఏ ఏడాది ఎన్ని వారాలు, నర్సింగ్ వైపు నుంచి ఎవరు నేర్పుతారు, దానికి మార్కులున్నాయా అని అడగండి. వీలైతే మూడో ఏడాది నర్సింగ్ పిల్లలను పట్టుకోండి, వాళ్లు బ్రోచర్ చదివి చెప్పరు. ఈ ప్రశ్నలన్నీ అమ్మాయినే అడగనివ్వండి. మీరు ఆ కాసేపు క్యాంటీన్‌లో కూర్చుని టీ తాగండి.