కారు స్టీరియోకి శాటిలైట్ రేడియో తగిలించే ముందు, అల్లుడికి నాలుగు మాటలు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. టెక్సాస్‌లో మిడ్‌ల్యాండ్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తే ఇటు డాలస్ అయినా అటు ఎల్‌పాసో అయినా డ్రైవింగే, చేతిలో 2004 కరోలా, దానికి ఆక్స్ జాక్ (బయటి పరికరాన్ని వైరుతో స్టీరియోకి కలిపే రంధ్రం) లేదు, బ్లూటూత్ సంగతి సరేసరి. పెకోస్ దాటాక ఎఫ్ఎం స్టేషన్లు ఒక్కొక్కటే పోతాయి, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఐ-20 హైవే వెళ్లి ఐ-10లో కలిసి వ్యాన్ హార్న్ వచ్చేదాకా టైర్ల చప్పుడే సంగీతం. కాబట్టి ఉపగ్రహం నుంచి నేరుగా స్టేషన్లు పట్టే శాటిలైట్ రేడియో పెట్టుకుంటానంటే నేను కాదనను. నువ్వు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగేవాడివైతే మాత్రం డబ్బు దండగ అనేవాణ్ణి.

తెలుగు పాటల కోసమైతే దీన్ని కొనకు. ఇక్కడ శాటిలైట్ రేడియో నడిపే కంపెనీ సిరియస్ ఎక్స్ఎం, అందులో తెలుగు ఛానల్ లేదు. ఇంగ్లీషు పాటలు, ఎన్‌పీఆర్ (ఇక్కడి పబ్లిక్ రేడియో), బీబీసీ, ఫుట్‌బాల్ కామెంటరీ ఇవన్నీ ఉంటాయి. మన పాటలు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, అవి ఎలా వినాలో కింద రాస్తాను. ఇంకో సంగతి, బావగారి అటక మీద ఉన్న వరల్డ్‌స్పేస్ సెట్టు (ఇండియాలో ఒకప్పుడు వచ్చిన శాటిలైట్ రేడియో) ఇక్కడికి తెచ్చుకుంటే పనికొస్తుందా అని అడిగావు. రాదు. స్పందన అని అందులో తెలుగు ఛానల్ వచ్చేది, నాకూ ఇష్టమే, కానీ 2009 డిసెంబరు 31తో ఇండియాలో ఆ సర్వీసు ఆగిపోయింది. దాని ఉపగ్రహం వేరు, వాడిన తరంగాలు వేరు. అక్కడే ఉండనీ.

ఇక అసలు పని. రేడియో ఏ మోడల్ కొనాలి అని నువ్వు రెండు పేజీలు రాశావు, దానికి అంత ఆలోచన అక్కర్లేదు. కారులో పెట్టుకునే డాకు (రేడియోని కూర్చోబెట్టే స్టాండు), యాంటెన్నా, పవర్ అడాప్టర్ కలిపి వెహికల్ కిట్ అని అమ్ముతారు, అందులో మామూలుది తీసుకో. ఆలోచించాల్సిందల్లా ఆ రేడియోలోంచి వచ్చే శబ్దం నీ స్టీరియోలోకి ఏ దారిన వెళ్తుంది అన్నదే. ఆక్స్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, ఒక వైరు గుచ్చితే అయిపోయింది. నీకు లేదు కాబట్టి అడాప్టర్ కావాలి, అక్కడే జనం తప్పుడు వస్తువు కొంటారు.

అందరూ మొదట కొనేది వైరు లేని ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. సిగరెట్ లైటర్‌లో గుచ్చి, ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ ఒకటి పెట్టి, స్టీరియోలో అదే ఫ్రీక్వెన్సీ పట్టుకోవడం. చవక, విప్పాల్సింది ఏమీ లేదు. కానీ ఖాళీ ఫ్రీక్వెన్సీ ఎక్కడుంది? డాలస్ చుట్టుపక్కల 88.1 పెట్టావంటే డెంటన్ యూనివర్సిటీ రేడియో మీద పడుతుంది, 90.1 అయితే కేఈఆర్‌ఏ అనే స్టేషన్ మీద. ఊరు మారినప్పుడల్లా డ్రైవింగ్ చేస్తూ మీట నొక్కుతూ వెతుక్కోవాలి, గంటకి 75 మైళ్ల వేగంలో అది చేసే పని కాదు. పైగా ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో తరంగాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం వాటి బలం చాలా తక్కువ ఉండాలి, అందుకే కాస్త బలమైన స్టేషన్ దగ్గరికొస్తే నీది కొట్టుకుపోతుంది. 2006లో కొన్ని శాటిలైట్ రేడియోల ట్రాన్స్‌మిటర్లు ఆ పరిమితి దాటాయని తేలి వాటి అమ్మకాలు ఆపాల్సి వచ్చింది. అప్పట్లో పక్క కారులో బుద్ధిగా పబ్లిక్ రేడియో వింటున్న పెద్దమనుషులకి ఉన్నట్టుండి శాటిలైట్ రేడియోలో షో చేసే హోవార్డ్ స్టెర్న్ బూతులు వినపడేవి! ఆ తర్వాత వచ్చినవి నిబంధనలకు లోబడి ఉంటాయి, అంటే మరింత బలహీనం అన్నమాట.

నీకు నేను చెప్పేది ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్. చిన్న పెట్టె. స్టీరియో వెనక కారు యాంటెన్నా వైరు వచ్చి గుచ్చుకునే చోట దాన్ని పీకి, మధ్యలో ఈ పెట్టెను పెట్టాలి. ఇప్పుడు శబ్దం గాలిలోంచి కాకుండా వైరులోంచే స్టీరియోలోకి వెళ్తుంది, శాటిలైట్ రేడియో ఆన్‌లో ఉన్నంతసేపూ బయటి స్టేషన్లని ఆ పెట్టె అడ్డుకుంటుంది, ఆపేయగానే మామూలు ఎఫ్ఎం మళ్లీ వస్తుంది. శబ్దం ఎఫ్ఎం స్థాయిలోనే ఉంటుంది, నిజమే, కానీ శాటిలైట్ నుంచి వచ్చేదే బాగా కుదించి పంపేది కాబట్టి పెద్దగా తేడా తెలియదు.

అంతకంటే మంచి దారి ఇంకొకటి ఉండొచ్చు. కంపెనీ స్టీరియోలు కొన్నింటికి వెనక సీడీ ఛేంజర్ (చాలా సీడీలు పెట్టి మార్చి మార్చి వినిపించే పెట్టె) తగిలించే సాకెట్ ఉంటుంది. అక్కడ సీడీ ఛేంజరే ఉంది అని స్టీరియోని నమ్మించి, ఆక్స్ జాక్ బయటికి ఇచ్చే అడాప్టర్లు బయట కంపెనీలవి దొరుకుతాయి. అది కుదిరితే ఫ్రీక్వెన్సీల గోలే లేదు, పైగా ఆ జాక్‌లోనే ఫోన్ కూడా గుచ్చి నీ పాటలు వినొచ్చు. ధర ఎక్కువే, అయినా నేనైతే దీనికే ఓటేస్తాను. క్యాసెట్ డెక్ ఉంటే మాత్రం ముందు కొన్ని డాలర్ల క్యాసెట్ అడాప్టర్ పెట్టి చూడు, పాతకాలం వస్తువని నవ్వకు, చాలా వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ల కంటే బాగా పలుకుతుంది. ఏకంగా స్టీరియోనే మార్చేద్దాం అనుకుంటే శాటిలైట్ ట్యూనర్ తగిలించుకునే వీలున్న పయనీర్, కెన్‌వుడ్ లాంటివి ఉన్నాయి, కానీ కారు ఇంకెన్నాళ్లు ఉంచుతావో ఆలోచించుకుని ఆ ఖర్చు పెట్టు.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. (మీ రూమ్మేట్ హోండాకి కూడా చేస్తానన్నావు కదా, ఆ కార్లలో చాలావాటికి బ్యాటరీ తీస్తే స్టీరియో కోడ్ అడుగుతుంది, ముందే రాసి పెట్టుకోమను.) ప్యానెల్ స్క్రూడ్రైవర్‌తో పొడవకు, దీనికోసం ప్లాస్టిక్ పనిముట్లు అమ్ముతారు, వాటితో మెల్లగా లాగితే క్లిప్పులు విరగవు. ప్రతి వైరూ పీకే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకో.

యాంటెన్నా విషయంలో బద్ధకించకు. అది అయస్కాంతం ఉన్న చిన్న ముక్క, దాన్ని డ్యాష్‌బోర్డు మీద పడేసి పని అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. దాని చోటు పైకప్పు. అంచు నుంచి నాలుగైదు అంగుళాలు లోపలికి, కింద ఇనప రేకు ఉండేలా, చుట్టూ ఆకాశం కనపడేలా పెట్టు. వెనకద్దం అంచు రబ్బరు కిందుగా వైరు దింపి, ట్రంక్ మూత రబ్బరు పక్కనుంచి లోపలికి తీసుకుని, వెనక సీటు కింద, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీల కింద నడిపించి ముందుకు తెచ్చుకో. లోపలికి దూరే చోట వైరు కాస్త కిందికి వేలాడాలి, లేకపోతే వాన నీళ్లు దాన్ని పట్టుకుని కారులోకి వస్తాయి. మిగిలిన వైరు కోయకు, వదులుగా చుట్టి కట్టెయ్. ముందు అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లుంటాయి, వాటిలో దానికి అడ్డంగా వైరు పోనివ్వద్దు. డాకు కూడా ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత మీద అంటించకు.

పవర్ అడాప్టర్ కిట్‌లో వచ్చిందే వాడు. ఇప్పటి డాకులకి 5 వోల్టులు కావాలి, ఎవరో ఇచ్చిన పాత అడాప్టర్ ఎక్కువ వోల్టులు ఇచ్చేదైతే రేడియో కాలిపోతుంది. ఆక్స్ దారిలో వెళ్లి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కుయ్‌మని శబ్దం వస్తే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది, మధ్యలో పెట్టు. టెక్సాస్ ఎండలో కారు ఆపినప్పుడు రేడియోని డాకులోంచి తీసి వెంట తీసుకెళ్లు, ఎండ బాధా ఉండదు, దొంగ బాధా ఉండదు.

అంతా తగిలించాక యాక్టివేషన్ గరాజ్‌లో చేయకు. బయట ఆకాశం కింద కారు ఆపి, ఛానల్ సున్నాకి వెళ్తే రేడియో ఐడీ కనపడుతుంది, అది సైట్‌లో ఇచ్చి కాసేపు ఆన్‌లోనే ఉంచు. సెకండ్ హ్యాండ్ రేడియో కొంటుంటే డబ్బు ఇవ్వకముందే ఆ ఐడీ కంపెనీకి చెప్పి యాక్టివేట్ అవుతుందో లేదో అడుగు.

చందా దగ్గర జాగ్రత్త. మొదట తక్కువ ధర చూపిస్తారు, గడువు అయ్యాక పూర్తి ధరతో దానంతట అదే పొడిగించేస్తారు, మ్యూజిక్ రాయల్టీ ఫీజు అని విడిగా ఇంకొంత వేస్తారు. రద్దు చేసుకోవడాన్ని కావాలనే కష్టం చేశారని 2023 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ సిరియస్ ఎక్స్ఎం మీద కోర్టుకే వెళ్లారు. గడువుకి రెండు వారాల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, రద్దు చేస్తానని చెప్పి చూడు, చాలాసార్లు పాత ధరకో అంతకంటే తక్కువకో దిగుతారు. మొహమాటపడకు, రైతు బజారులో బేరమాడే మీ అమ్మ కొడుకువే కదా.

ఇప్పుడే ఏదీ ఆర్డర్ పెట్టకు. ఈ ఆదివారం స్టీరియో బయటికి లాగి వెనక వైపు ఫొటోలు రెండు మూడు పంపు, సీడీ ఛేంజర్ సాకెట్ ఉందో లేదో నేను చూసి చెప్తాను, దాన్ని బట్టి ఏ అడాప్టరో తేల్చుకుందాం.

నీ మావయ్య