చిన్నీ, ముందు కీళ్ళ సంగతి చూడు

చిన్నీ,

అట్ట కోతిబొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, అవన్నీ కలిపి నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. కోతి మొహం ఎంత బాగా వేశావో! కానీ అది చెయ్యెత్తినప్పుడల్లా ఒళ్ళంతా పక్కకి జరుగుతోంది చూశావా, కీళ్ళు మరీ బిగించి కట్టడం వల్ల వచ్చిన తంటా అది.

ముందు అట్ట మార్చు. పార్శిల్ డబ్బాల అట్ట లోపల గొట్టాల్లా ఉంటుంది కదా, చిన్న ముక్కలు కత్తిరిస్తే అంచులు నలిగిపోతాయి. మిఠాయి డబ్బా, కొత్త చొక్కా లోపల పెట్టే అట్ట, మందపాటి శుభలేఖ, ఇవి మేలు. బొమ్మ జానెడు ఉంటే చాలు.

ఇక కీలు. మోచెయ్యి దగ్గర కలిసే రెండు ముక్కల చివర్లకీ చొక్కా గుండీ పెట్టి గుండ్రంగా గీసి, ఆ గీత మీదే కత్తిరించు. రెండు గుండ్రాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, దబ్బనంతో పొడిచే చిల్లు వాటి నడిమధ్యన పడాలి, పక్కకి పోయిందా చెయ్యి వంచినప్పుడు అంచు బయటికి పొడుచుకొస్తుంది. గట్టి దారానికి కొవ్వొత్తి రుద్ది, చివర పెద్ద ముడి వేసి, వెనక నుంచి ముందుకి గుచ్చు. ముందు పక్క రెండో ముడి వేసేటప్పుడు అట్టకీ ముడికీ మధ్య ఒక గుండుసూది అడ్డం పెట్టి బిగించి, తర్వాత సూది లాగెయ్యి. కావలసినంత వదులు మిగులుతుంది. బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి ఒక్క వేలితో చెయ్యి తిప్పి చూడు: ఒళ్ళు కదలకూడదు, చెయ్యి వదిలిన చోటే ఉండాలి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊళ్ళో చేసే తోలుబొమ్మల కీళ్ళు కూడా దారంతో కట్టినవే. కాకపోతే అక్కడ బొమ్మ తెర వెనక నిలబడి ఆడాలి కాబట్టి కీలు ఊగాలి, మన బొమ్మ బల్ల మీద పడుకునే ఉంటుంది కాబట్టి దాని కీలు పెట్టిన చోట ఆగాలి. జర్మనీలో లొట్టే రైనిగర్ అనే ఆవిడ నల్ల అట్టకి పల్చటి సీసపు రేకులు కలిపి, తీగతో కీళ్ళు కట్టి, 1926 నాటికే గంటకు పైగా నడిచే సినిమా తీసింది. సీసం విషం, నువ్వు దాని జోలికి పోకు, బొమ్మ నడుము వెనక రూపాయి బిళ్ళలు రెండు అతికించు, బరువుకి కదలకుండా ఉంటుంది.

ఫ్యాన్ స్విచ్ మాత్రం తప్పకుండా ఆపు. ఒకసారి కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లైటు పెట్టుకుని 80 ఫొటోలు దాకా తీశాను, ఇంతలో కరెంటొచ్చి ఫ్యాన్ తిరిగింది, ముక్కలన్నీ చెదిరిపోయాయి, మళ్ళీ అదే చోట ఎంత పెట్టినా కుదరలేదు. చాలా బాధేసింది. కిటికీ వెలుతురు కూడా నమ్మకు, మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ మీద వెలుగు మారిపోతుంది. కిటికీ మూసి, ఒకే బల్బు పెట్టుకుని, ఫోన్‌లో ఫోకస్ లాక్ చెయ్యి.

సెకనుకి 12 ఫొటోలు చాలు. చెయ్యి ఎత్తేటప్పుడు మొదట కొంచెం, మధ్యలో ఎక్కువ, ఆగే ముందు మళ్ళీ కొంచెం జరుపు, అప్పుడే దానికి ప్రాణమొస్తుంది. నడక జోలికి ఇప్పుడే పోకు. కోతి చెయ్యి ఊపడం ఒక్కటే 36 ఫొటోల్లో తీసి ఆదివారంలోగా పంపు, చూసి ఫోన్ చేస్తాను.

మామయ్య