మిథైలేషన్ టెస్టు చేయించుకుంటే గుండెపోటు ముప్పు తెలుస్తుందా?

నాన్నగారికి యాభై దాటకముందే గుండెపోటు వచ్చింది, మీరు సిగరెట్లు మానేసి ఏడాదైంది, డీఎన్‌ఏ మిథైలేషన్ టెస్టు చేయించుకుంటే మీ ముప్పెంతో తెలుస్తుందా అని కదా అడిగారు. చేయించుకున్నవాడిగా చెబుతున్నాను, ముందు వేరే టెస్టులు ఉన్నాయండీ. దీనికి తొందరేం లేదు.

మా ఇంట్లోనూ ఇదే కథ. నాన్నకు చిన్న వయసులోనే స్టెంటు వేశారు, నేనేమో చాలా ఏళ్లు కాల్చి మానేశాను. ఆ టెన్షన్‌తోనే లాలాజలం శాంపిల్ పంపించాను. రిపోర్టులో నా జీవ వయసు (ఒంటి అరుగుదలను బట్టి అంచనా వేసే వయసు) అసలు వయసుకంటే ఎక్కువని పెద్ద అక్షరాల్లో వేశారు. ఏం చేయాలన్నదానికి చివరి పేజీలో విటమిన్ బిళ్లల ప్రకటన! గుండె డాక్టరుగారు రెండు పేజీలు తిప్పి, పక్కన పెట్టి, "లిపిడ్ ప్రొఫైల్ ఏదీ?" అన్నారు, అంటే కొలెస్ట్రాల్ టెస్టు. తర్వాత రెండు చేతులకూ బీపీ చూశారు.

అలాగని మిథైలేషన్ అబద్ధమేమీ కాదు. డీఎన్‌ఏలో అక్షరాలు మారవు, సి పక్కన జి ఉన్న చోట్ల ఆ సి మీద చిన్న మిథైల్ గుంపు అతుక్కుంటుంది, ఊడుతుంది. దాన్నిబట్టి చాలా జన్యువుల పని పెరగడమో తగ్గడమో జరుగుతుంది. మన జన్యురాశిలో అలాంటి చోట్లు దాదాపు 2.8 కోట్లు. పొగ దెబ్బ బాగా కనిపించేది ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువులో. పొగలోని విషాలను విరగ్గొట్టే వ్యవస్థకు అది బ్రేకులాంటిది. కాల్చేవాళ్లలో అక్కడ మిథైలేషన్ పడిపోతుంది, మానేస్తే మెల్లగా కోలుకుంటుంది. దాదాపు 16,000 మంది రక్తం చూసిన 2016 అధ్యయనంలో, మానేసిన ఐదేళ్లలోపే ఎక్కువ చోట్లు ఎన్నడూ కాల్చనివాళ్ల స్థాయికి వచ్చేశాయి. కొన్ని మాత్రం 30 ఏళ్లకూ రాలేదు. మీకైతే ఇది మంచి కబురే.

చిక్కల్లా ఇది కారణమా, గుర్తా అన్నదే. గోడ మీది మసి చూసి పొయ్యి ఎంత మండిందో చెప్పొచ్చు, గోడ కడిగితే మాత్రం పొయ్యి ఆరదు. 2019లో 11,461 మంది మీద వచ్చిన అధ్యయనం, తర్వాత గుండెజబ్బు రావడంతో ముడిపడ్డ 52 చోట్లను గుర్తించింది. అయితే అది చూసింది తెల్ల రక్తకణాలను, పూడిక ఏర్పడే ధమని గోడను కాదు. పైగా వేలమందిలో కనిపించే తేడా ఒక్క మనిషి జాతకం చెప్పలేదు. (మిథైల్‌ను అతికించే డీఎన్ఎంటీ3ఏ, తొలగించడంలో పాలుపంచుకునే టెట్2 జన్యువులు వయసుతోపాటు రక్తకణాల్లో చెడితే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అది వేరే టెస్టు, వేరే కథ.)

ఫోలిక్ యాసిడ్, బి12 మింగితే మిథైలేషన్ సర్దుకుని గుండె బాగుపడుతుందని అమ్మేవాళ్లను నమ్మకండి. 2006లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ఆ విటమిన్లతో హోమోసిస్టీన్ (రక్తంలో ఎక్కువైతే గుండెజబ్బుతో ముడిపడి కనిపించే అమైనో ఆమ్లం) తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు.

ఆ డబ్బుతో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), షుగర్, లైపోప్రోటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) చూపించుకోండి. చివరిది చాలావరకు పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, అందుకే చాలామందికి జీవితంలో ఒక్కసారి చాలు. నాకు ఎక్కువగా తేలింది అదే, అంత లావు మిథైలేషన్ రిపోర్టులో దాని ఊసే లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టాను. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు జబ్బు వచ్చి ఉంటే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి నాన్నగారి వయసు తప్పక చెప్పండి. మందు వేయాలా వద్దా అని డాక్టరుగారు తటపటాయిస్తే కాల్షియం స్కోరు స్కాన్ (గుండె ధమనుల్లో పేరుకున్న కాల్షియాన్ని చూసే సీటీ స్కాన్) గురించి అడగండి. నడిచేటప్పుడు ఛాతీ బిగిసినట్టు అనిపిస్తే మాత్రం ఈ టెస్టుల దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.