గేటు దగ్గరే ఆగిపోతున్న స్నేహితులు

ప్రశ్న: మాది తాడిపత్రి. లారీ డ్రైవర్‌ని, నెలలో 20 రోజులు లైను మీదే ఉంటాను. నా భార్యకు రెండేళ్లుగా డయాలసిస్. పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, బాబు ఎనిమిదో తరగతి. వంట, వారానికి మూడుసార్లు వాళ్లమ్మను అనంతపురం తీసుకెళ్లడం, తమ్ముడి చదువు అన్నీ పాపే చూస్తుంది. పొద్దున్నే లీటరు సీసాలో అమ్మకు ఆ రోజు నీళ్లు కొలిచి పెడుతుంది, అవి అయిపోతే అడిగినా ఇవ్వదు. ఈమధ్య స్నేహితులొస్తే గేటు దగ్గర నుంచే పంపేస్తోంది. తిరుగుళ్లు లేని బంగారు పిల్ల. బెంగళూరులో బీటెక్ ఏఐలో చేర్చమంటున్నారు బంధువులు. అది మేలా, ఇక్కడే డిగ్రీ మేలా?

జవాబు: ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రోజులు దగ్గరపడేకొద్దీ ఇలాంటి ఉత్తరాలు పెరుగుతాయి. అడిగేది కోర్సు గురించే అయినా అడుగున ఉండే గుబులు ఒక్కటే: బిడ్డను పంపితే ఇల్లేమవుతుంది, ఆపితే దాని బతుకు నేనే చెడగొట్టినట్టవుతుందా? ముందు దీనికి చెబుతాను. మీరు తప్పు చేయలేదు. లారీ ఆగితే పొయ్యి ఆగే ఇల్లు మీది. ఇంట్లో మనిషి మంచాన పడితే చేతికందొచ్చిన బిడ్డ మీద పని పడుతుంది. ఇప్పుడైనా సర్దుకోవచ్చు, ఆలస్యమేమీ కాలేదు.

‘బంగారు పిల్ల’ అన్నారు చూడండి, అక్కడ మాత్రం మీతో పేచీ ఉంది. డయాలసిస్ మనిషికి రెండు విడతల మధ్య పెరిగే బరువు చాలావరకు ఒంట్లో నిలిచిన నీరే. ఎక్కువైతే ఆయాసం వస్తుంది, దాన్ని లాగేటప్పుడు బీపీ పడిపోతుంది. పాపకు ఇది తెలుసు, అందుకే కన్నతల్లికి కాపలా కాస్తోంది. తాడిపత్రి ఎండల్లో దాహమో అని అడిగే అమ్మకు నీళ్లు లేవని చెప్పి, ఆ నోటితోనే స్నేహితురాలి పుట్టినరోజు డ్రెస్సు బాగుందని ఎట్లా చెబుతుంది? పిలిస్తే వెళ్లలేదు. రెండుసార్లు రానంటే మూడోసారి వాళ్లే పిలవరు. ఆ మూడోసారి చూడకముందే తనే గేటు వేసేసుకుంది. మీరేమో మెచ్చుకుంటున్నారు.

ఇంకో మాట. బాబుకు పదమూడేళ్లుంటాయి. వాడు తిన్న కంచం ఎవరు కడుగుతున్నారు? అమ్మకు ఉప్పు తగ్గించిన పప్పు, ఆకుకూర ఉడికించి నీళ్లు వంచి ఒక కూర, వాడికి కారంగా ఇంకో కూర. ఈ రెండో వంట ఈ వారమే ఆపించండి. అందరికీ ఒకటే వండి, ఉప్పూకారం కావలసినవాడు పైన కలుపుకుంటాడు. వాడి బట్టలు, వాడి కంచం వాడివే.

వారానికి ఆరు పనిదినాల్లో మూడు పోతే హాజరు సగం. ఇంటర్‌కు కావలసింది 75 శాతం. ఆ పోయే రోజుల్లోనే ల్యాబ్ పడితే ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెరి 30 మార్కులూ డోలాయమానం. డయాలసిస్ మామూలుగా సోమ, బుధ, శుక్ర లేదా మంగళ, గురు, శనివారాల్లో, ఒక్కో విడత నాలుగు గంటలు. సాయంత్రం షిఫ్టుకు మారితే కాలేజీ మిగులుతుందని అనిపిస్తుంది. అయితే డయాలసిస్ అయ్యాక నీరసించిన మనిషిని రాత్రిపూట బస్సులో తేవడం పదిహేడేళ్ల పిల్లతో అయ్యే పని కాదు. పొద్దుటి షిఫ్టే అడగండి, వీలైనన్ని రోజులు తోడుగా పెద్దవాళ్లు వెళ్లాలి. ఇంటికి దగ్గర్లో ఇంకేదైనా కేంద్రంలో ఖాళీ ఉందేమో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. మూడు విడతల్లో ఒకటి చిన్నమ్మో మేనత్తో, ఒకటి మీరు ఇంటి దగ్గరుండే వారాల్లో మీరు, మిగిలిందే పాప. డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకంలో నెలకు 10,000 పింఛను ఉంది. రాకపోతే ఆసుపత్రి కాగితాలతో మీ వార్డు సచివాలయానికి వెళ్లండి. వస్తుంటే అందులోంచి తోడు వెళ్లేవాళ్లకు బస్సు ఛార్జీ, కూలి ఇవ్వండి. చుట్టరికం ఎన్నాళ్లో ఉచితంగా నడవదు.

ఇక బీటెక్ ఏఐ. నాకు దీని మీద అంత మోజు లేదు. బ్రాంచికి ఇన్నే సీట్లన్న గరిష్ఠ పరిమితిని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి తీసేసింది. దాంతో కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచుకుంటూ పోయాయి, పాఠం చెప్పేవాళ్లు అదే లెక్కన పెరగలేదు. బోర్డు మీద ఏఐ అని రాసినా మొదటి రెండేళ్లు లెక్కలు, ప్రోగ్రామింగే, మామూలు సీఎస్‌ఈ లాగే. బెంగళూరు ప్రైవేటు కాలేజీకి మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇక్కడ మేనేజ్‌మెంట్ కోటాకూ రాదు. ‘అప్పు చేసి చేరుస్తా’ అనకండి, ఆ అప్పూ ఆ పిల్ల నెత్తినే పడుతుంది. హాస్టల్‌కు పంపితే బరువు తీరుతుందన్నదీ ఉత్తదే. పూటపూటా ‘అమ్మకు ఏ మాత్ర వేయాలి’ అని ఫోన్ పోతుంటే ఇల్లు అక్కడికే పోయినట్టు.

ర్యాంకు వస్తే అనంతపురం జేఎన్‌టీయూ, పులివెందుల జేఎన్‌టీయూ కన్వీనర్ సీట్లు ముందు చూడండి. ఎస్వీయూ (తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం పిల్లలకు, అంటే మీకూ, 85 శాతం లోకల్ కోటా ఉంది. రాకపోతే లెక్కలతో డిగ్రీ, ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ. అదేమీ చిన్నతనం కాదు. ఏది ఎంచుకున్నా ఆప్షన్లు పెట్టేది పాపే.

స్నేహితులతో మాట్లాడమని పోరు పెట్టకండి. వాళ్లలో ఒక్కరు చాలు, అదీ పని మీద. అమ్మతో వెళ్లిన రోజు నోట్సు ఫోటోలు పంపడం, ఆదివారం సాయంత్రం రెండు గంటలు కూర్చుని లెక్కలు చేయడం. జాలితో చేసేది కాదు, పని కాబట్టి పాప ఒప్పుకుంటుంది. ఆ రెండు గంటలు అమ్మ దగ్గర తమ్ముడుంటాడు. క్లాస్ లెక్చరర్‌కు సంగతి మీరే చెప్పండి, పాపతో చెప్పించకండి.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ‘నేను లేకపోతే తెలుస్తుంది మీకు’ లాంటి మాట వినిపిస్తే మాత్రం ఆగొద్దు. 14416 టెలిమానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అనంతపురం సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యులూ ఉన్నారు.

ఈసారి లైను నుంచి రాగానే మొదటి డయాలసిస్‌కు మీరే వెళ్లండి. ముందురోజు రాత్రి పాప పక్కన కూర్చుని సీసాలో నీళ్లు ఎంత పోయాలో, ఏ మాత్ర ఎప్పుడో, బస్సులో అమ్మను ఏ పక్క కూర్చోబెట్టాలో అడిగి కాగితం మీద రాసుకోండి.