ఒంటరితనం నయమవుతుందా?

సందేహం: ఆమిష్ (అమెరికాలో పాతకాలం పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సంఘం) పల్లెల్లో నడిచే ఒక ప్రేమనవలను తెలుగు చేస్తున్నాను. భర్త పోయిన ఒకమ్మాయి కథ. ‘అతని ప్రేమ ఆమె ఒంటరితనాన్ని నయం చేసింది’ అని రాస్తే మా అమ్మ నవ్వింది. తప్పేముంది? ‘ఏకాంతాన్ని’ అంటే బాగుంటుందా? కట్టుబాటు తప్పినవాళ్లను సంఘం దూరం పెట్టడాన్ని వాళ్లు ‘షనింగ్’ అంటారు, దాన్ని బహిష్కరణ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెన్సిల్వేనియా

సమాధానం: మీ అమ్మగారి నవ్వులో వ్యాకరణం ఉంది. తెలుగులో దేని క్రియ దానిదే. జబ్బు నయమవుతుంది, పుండు మానుతుంది, బెంగ తీరుతుంది. ఒంటరితనం బెంగ జాతిది. అదీ తీరాలి, లేదా పోవాలి. ఇంగ్లీషులో ఒంటికీ మనసుకీ ఒకే మాట సరిపోతుందని మనమూ ‘నయం’ పెట్టేస్తే ఆస్పత్రి వాసన వస్తుంది.

అసలు ఆ వాక్యానికి కర్త ప్రేమ కానక్కర్లేదు, మనిషిని చేసి చూడండి: ‘అతను వచ్చాక ఆమె మెల్లగా తేరుకుంది.’ తేరుకోవడం మొదట నీళ్ల మాట. చెరువునీళ్లు తెచ్చి, కుండ లోపల చిల్లగింజ అరగదీసి, కదపకుండా ఉంచేవాళ్లు. మడ్డి అడుక్కి దిగి పైన తేటనీళ్లు మిగిలేవి. ‘తేట’ కూడా ఈ ధాతువుదే. దుఃఖం ఎక్కడికీ పోదు, అడుక్కి చేరుతుంది. ఇలాంటి నవలల్లో జరిగేది దాదాపు ఇదే కదా!

‘ఏకాంతం’ మాత్రం వద్దు. అది కోరి తెచ్చుకునేది, పైగా అందులో ఇద్దరికి చోటుంది. ‘మీతో ఏకాంతంగా మాట్లాడాలి’ అంటాం. ఒంటరితనానికి మనుషుల లెక్కతో పనిలేదు, ఇంటినిండా జనమున్నా అది ఉంటుంది. మీ కథలోనే రెండూ దొరుకుతాయి. ఆమిష్‌లకు ఆరాధన రెండు వారాలకోసారి, ఎవరో ఒకరి ఇంట్లోనే. ఆదివారం రాత్రి పడుచువాళ్లంతా చేరి పాటలు పాడతారు. అయ్యాక అబ్బాయి అమ్మాయిని గుర్రబ్బగ్గీలో ఇంటికి దిగబెడతాడు. చీకట్లో గిట్టల చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ దారి ఏకాంతం. మధ్యాహ్నం అందరితో కలిసి పొడుగాటి బల్ల ముందు కూర్చుని, ముద్ద దిగక ఆ వితంతువు పడే బాధ ఒంటరితనం.

‘బహిష్కరణ’ పత్రికల మాట. మనకు ‘వెలి’ ఉంది, వెలుపల అన్నదాంట్లోనూ అదే ఉంది. మన ఊళ్లలో వెలి అంటే బంతిలో చోటు పోవడం. అక్కడా వెలిపడినవాళ్లకు భోజనం వేరే బల్ల దగ్గర. కాకపోతే మన వెలికి కులం వాసన అంటుకుని ఉంది. అందుకని, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని, అప్పుడిచ్చిన మాట తప్పినవాళ్లకే ఈ శిక్ష అని కథలోనే ఎక్కడో ఒక ముక్క పడేయండి. తప్పు ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటారు. ఆ ఘట్టం వచ్చినప్పుడు ‘పునఃప్రవేశం’ లాంటివి రాయకండి. ‘సంఘంలో కలుపుకున్నారు’ చాలు.